దాంపత్యములో దాపరికము

వేయి అబద్ధములాడి యైనను ఒక పెండ్లి చేయవలెనను సామెత మన తెలుగునాట అందరెరిగినదే. ఆ అబద్ధములాడిన పెద్దలు పెండ్లి కాగానే తాంబూలములు పుచ్చుకొని తమ తమ ఇండ్లకు పోవుదురు. వానిని మోయవలసినవారు మాత్రము ఆ వధూవరులే. పెండ్లికి ముందు ఇతరులు దాచినవి కొన్ని, పెండ్లి యైన పిదప తమంతట తాము దాచుకొన్నవి కొన్ని, ఇట్లు కొంత కాలమునకు ప్రతి సంసారములోను మూత తీయని పెట్టె యొకటి ఏర్పడుచుండును. భార్యాభర్తలలో ఒకరు రెండవవారికి తెలియకుండ దాచిన విషయము ఆ సంసారమును ఏమి చేయును? దాచదగినదేది? దాచరానిదేది? దాచినదానిని చెప్పుకొనుట ఎట్లు? ఈ మూడు ప్రశ్నలను నేడు మనము విచారింతము.

ఇందుకు దూరపు ఉదాహరణములను వెదకనక్కరలేదు. హైదరాబాదు నగరమునకు తూర్పున నున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములే చాలును. విజయవాడ పోవు జాతీయ రహదారి ఈ రెండు పేటలను కుట్టిన దారమువలె సాగిపోవుచున్నది. నాగార్జునసాగరమునకు పోవు దారియు ఎల్.బి.నగర్ చెంతనే చీలుచున్నది. నల్లగొండ, ఖమ్మము మొదలగు జిల్లాలనుండియు, కృష్ణానది కావలి జిల్లాలనుండియు వచ్చిన వారెందరో నగరములో మొదట కాలుమోపినది ఇచ్చటనే. శిక్షణాలయములలో చదువుటకై వచ్చి, వసతిగృహములలో ఇరుకుగా కాపురముండి, ఉద్యోగము దొరికిన పిదప పెండ్లాడి, ఆ ప్రక్క వీధిలోనే రెండు గదుల పోర్షను అద్దెకు తీసికొనినవారు వేలకొలదిగా నున్నారు. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టుకొనిన లాల్ బహదూర్ నగర పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో విలీనమైనది. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడువ నారంభించినది. నాటినుండి ఇచ్చటి ఇల్లాలు ఒక రైలులో, ఇంటి యజమాని ఇంకొక రైలులో ఉద్యోగములకు పోయి, దీపములు పెట్టిన చాలసేపటికి ఇల్లు చేరుట పరిపాటియైనది. జీతములు రెండు, బ్యాంకు ఖాతాలు రెండు, సెల్‌ఫోనులు రెండు. వంటయిల్లు మాత్రము ఒకటి.

పల్లెలో పంట కల్లములో నుండగనే ఎన్ని బస్తాలు పండినవో వీధి వారందరికిని తెలిసెడిది. షావుకారు ఇంటికి ఎవరు అప్పునకు పోయిరో చెరువుగట్టున చెప్పుకొనెడివారు. అట్టి చోట భార్యకు తెలియకుండ భర్తయు, భర్తకు తెలియకుండ భార్యయు డబ్బు సంగతి దాచవలెనన్న ఎంతో శ్రమపడవలసియుండెడిది. నేడో, జీతము చప్పుడు లేకుండ ఖాతాలో చేరును. అప్పు చప్పుడు లేకుండ ఫోనులో పుట్టును. దాచుటకు ఏ శ్రమయు అక్కరలేదు, ఊరకుండిన చాలును. చెప్పుటకే శ్రమ కావలయును. రెండు గదుల ఇంటిలో అత్తమామలు ఒక గదిలోను, చదువుకొను పిల్లలు ఇంకొక గదిలోను ఉండగా, భార్యాభర్తలు నోరు విప్పి మాటలాడుకొనుటకు చోటేది? వ్యవధి యేది? కావున నేటి దాపరికములో సగపాలు దుర్బుద్ధివలన గాక, రేపు చెప్పుదము, ఎల్లుండి చెప్పుదము అను వాయిదా వలననే పుట్టుచున్నది. ఈ విషయము గుర్తించినచో ఒకరినొకరు నిందించుకొనుట కొంత తగ్గును.

ఇప్పుడు మొదట తేల్చుకొనవలసిన భేద మొకటి కలదు. గుట్టు వేరు, దాపరికము వేరు. గుట్టు అనునది మనిషికి మర్యాద. స్నేహితురాలు నమ్మి చెప్పుకొనిన కష్టమును భర్తకు చెప్పకపోవుట దాపరికము కాదు. అది ఆమె సొత్తు కాదు గనుక చెప్పుటకు ఈమెకు అధికారము లేదు. తమ్ముడు చేసిన తెలివితక్కువ పని, తండ్రికి కలిగిన అవమానము, చిన్ననాటి డైరీలో వ్రాసికొనిన రెండు మాటలు, ఇవి యన్నియు భార్యాభర్తలు పరస్పరము లెక్క యొప్పగింపవలసినవి కావు. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న మన సర్వోన్నత న్యాయస్థానములో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. మెడలో మంగళసూత్రము పడినంతమాత్రమున ఆ హక్కు పోదు.

అయినచో దాపరికమనగా నేమి? దానికి ఒక సులభమైన గీటురాయి కలదు. ఈ సంగతి తెలిసియుండినచో రెండవవారు తమ జీవితమును గూర్చి వేరొక నిర్ణయము చేసికొనియుండెడివారా? అవును అని మన మనస్సు చెప్పినచో అది దాచరానిది. జీతమెంతయో తెలియక ఇల్లాలు ఇల్లు కొనుటకు బయానా ఇచ్చును. అప్పున్నదని తెలియక భర్త పిల్లవానిని ఖరీదైన బడిలో చేర్పించును. జబ్బున్నదని తెలియక ఇద్దరును బిడ్డలను గూర్చి ఆలోచన చేయుదురు. ఇట్టిచోట్ల మౌనము మౌనము కాదు. అది రెండవవారి చేతిలోని దీపమును ఆర్పి వారిని నడువుమనుట.

ఇచ్చట మన భారతకథ ఒకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆడువారి నోట నువ్వుగింజ నానదని లోకులు పరిహాసమాడుదురు. ఇది ధర్మరాజు శాపమనియు చెప్పుదురు. యుద్ధానంతరము తిలోదకములు విడుచు సమయమున కర్ణుడు తన పెద్దకుమారుడని కుంతి వెల్లడింపగా, అన్నను చంపుకొంటిమన్న దుఃఖములో ధర్మజుడు స్త్రీలకు రహస్యము నిలువకుండుగాక యని శపించెనని కథ. కాని కథను చక్కగా చదివినచో సామెత తలక్రిందులగుచున్నది. కుంతి రహస్యమును నిలుపలేక చెడలేదు. నిలిపినందువలననే అంత నష్టము వాటిల్లినది. అంతకన్న విశేషమొకటి ఆదిపర్వములో నున్నది. సంతానము కొరకు కుంతిని ఒప్పించుచు పాండురాజు శాస్త్రము అంగీకరించిన పుత్రులలో ఎన్ని విధములవారున్నారో తానే వివరించును. కన్యకు పుట్టిన కానీనుడు ఆ వరుసలోనివాడే. భర్త తానై తలుపు తెరచిన ఆ క్షణమున ఆమె దుర్వాసుడిచ్చిన మంత్రమును గూర్చి చెప్పినది గాని, దానిని ఒకసారి పరీక్షించి చూచితినని మాత్రము చెప్పలేదు. చెప్పియుండినచో పాండవులకు పెద్దన్న దొరికియుండెడివాడేమో! భయముతో దాచిన విషయమును ఎదుటివారు అంగీకరించియుండెడివారను సంగతి ఆలస్యముగా తెలియుటయే దాపరికములో మిక్కిలి విషాదకరమైన భాగము. సంసారములలో ఇది నిత్యము జరుగుచునే యున్నది.

ఇక పెండ్లినాటి అబద్ధముల సంగతి. వామనునకు దానమిచ్చెదనని మాట యిచ్చిన బలిచక్రవర్తిని వారింపగోరి శుక్రాచార్యుడు, కొన్ని సందర్భములలో బొంకినను దోషము లేదని లౌక్యము చెప్పెను. పోతనగారి భాగవతమువలన ఆ మాట తెలుగువారి నోట నిలిచిపోయినది. వివాహ విషయము ఆ పట్టికలో చేరియున్నది. పెండ్లిపెద్దలు శుక్రుని మాటను జ్ఞాపకముంచుకొనిరి గాని, బలి దానిని త్రోసిపుచ్చెనను సంగతిని మరచిపోయిరి. వరునికి శాశ్వతమైన ఉద్యోగమనియు, విదేశమున పెద్ద జీతమనియు, మొదటి పెండ్లి ఊసే లేదనియు, అమ్మాయికి ఏ మందులును లేవనియు చెప్పి ముహూర్తము పెట్టించుట శుక్రనీతియే కావచ్చును, గృహస్థధర్మము మాత్రము కాదు.

చట్టము కూడ ఈ విషయములో మౌనముగా లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము 12వ విభాగము ప్రకారము, ఎదుటివారికి సంబంధించిన ముఖ్యమైన వాస్తవమును మోసముతో మరుగుపరచి సమ్మతి పొందినచో ఆ వివాహమును రద్దు చేయించుకొనవచ్చును. 1976 సవరణవలన ఈ నిబంధన విస్తృతమైనది. అయితే రెండు షరతులు కలవు. మోసము బయటపడిన ఒక సంవత్సరములోపల న్యాయస్థానమునకు పోవలయును. బయటపడిన పిదప తమ పూర్ణసమ్మతితో కలిసి కాపురము చేసినచో ఆ ఫిర్యాదు చెల్లదు. ఈ రెండవ షరతులో లోకానుభవమున్నది. నిజము తెలిసియు కలిసి జీవింప నిశ్చయించుకొనిన దంపతులను చట్టము గౌరవించుచున్నది. తెలిసి క్షమించినది క్షమ. తెలియక సహించినది మోసపోవుట.

పెండ్లి తరువాతి దాపరికములలో అగ్రస్థానము ధనమునదే. వివాహవేదికమీద వరునిచేత పలికించు ప్రమాణములో ధర్మమునందును, అర్థమునందును, కామమునందును నిన్ను అతిక్రమింపనను మాట కలదు. నాతిచరామి యన్నప్పుడు కామమును గూర్చిన కట్టుబాటునే లోకము తలచుకొనును గాని, నడుమనున్న అర్థమును తలచుకొనువారు తక్కువ. అర్థమనగా డబ్బే. భర్త తన అప్పును, భార్య తన చీటీని దాచినప్పుడు ఆ ప్రమాణములో మూడవ వంతు అప్పుడే చెడినట్లు.

అన్ని ధనరహస్యములును ఒక్కతీరువి కావు. పోపులడబ్బాలోను, బియ్యపు డ్రమ్ము అడుగునను, పట్టుచీరల మడతలలోను ఇల్లాండ్రు కూడబెట్టిన పైకము తెలుగు సంసారములను ఎన్నిసార్లు కాపాడినదో లెక్కలేదు. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి అయిదువందల, వేయి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు ఆ మడతలన్నియు విప్పవలసి వచ్చినది. ఎన్నో ఇండ్లలో భర్తలు, అత్తలు మొదటిసారి ఆ డబ్బును చూచిరి. కొన్ని ఇండ్లలో నవ్వులు, కొన్ని ఇండ్లలో కన్నీరు. నవ్విన ఇంటిలో భర్త, ఇది మా ఇంటి నిలువ అని అనుకొనెను. ఏడ్చిన ఇంటిలో ఆ డబ్బు కష్టకాలమున తన చేతిలో ఉండవలయునని ఇల్లాలు భయముతో దాచుకొన్నది. డబ్బు ఒక్కటే, దాచిన కారణము వేరు. భార్య రహస్యముగా కూడబెట్టుచున్నదని తెలిసినప్పుడు భర్త వేసికొనవలసిన మొదటి ప్రశ్న, ఎంత దాచితివి అని కాదు, ఎందుకు భయపడితివి అని.

రెండవ తీరు, పుట్టింటికి పంపు డబ్బు. పల్లెలో తల్లిదండ్రులు వృద్ధులై యుందురు. తమ్ముని చదువు, చెల్లెలి పెండ్లి యుండును. కుమారుడు భార్యకు చెప్పక పంపును. కుమార్తె భర్తకు చెప్పక పంపును. ఇద్దరును చేయునది ధర్మకార్యమే. కాని ఒకరి ధర్మము ఇంకొకరికి దొంగతనముగా కనబడుట రహస్యమువలన వచ్చిన కీడు. సంపాదించు కుమార్తె తన తల్లిదండ్రులను పోషించుట కుమారుడు పోషించుటకన్న ఏమాత్రము తక్కువది కాదని ఇంటిలో ముందే ఒప్పుకొనినచో, ఈ రహస్యములో ముప్పాతిక భాగము పుట్టనే పుట్టదు. నెలకు ఇంత అని ఇరుప్రక్కలకు కేటాయించుకొనిన సంసారములలో పంపిన మొత్తము పెరిగినను పోట్లాట తగ్గును.

మూడవది అప్పు. ఇదియే ప్రమాదకరమైనది. చీటీ పాడుకొని వాడిన సొమ్ము, స్నేహితునికి పెట్టిన జామీను సంతకము, ఫోనులో ఆడు పేకాటలో పోయిన జీతము, ఇవి మొదట చిన్నవిగానే యుండును. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లోనే నిషేధించినది. 2025 ఆగస్టులో కేంద్రము దేశమంతటికి వర్తించునట్లు శాసనము చేసినది. అయినను శాసనము ఇంటిలోని అప్పును తీర్పదు. ఒక అప్పు తీర్చుటకు ఇంకొక అప్పు, దానిని దాచుటకు ఒక అబద్ధము, ఆ అబద్ధమును నిలుపుటకు మరియొక అబద్ధము. అప్పునకు వడ్డీ యున్నట్లే అబద్ధమునకును వడ్డీ కలదు.

2020 డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఫోనుద్వారా క్షణములో అప్పులిచ్చు యాప్‌ల ముఠాలను పట్టుకొనిరి. ఆ యాప్‌లు అప్పు తీసికొన్నవాని ఫోనులోని పేర్లన్నియు ముందే దోచుకొని, వాయిదా తప్పగానే భార్యకును, మామగారికిని, ఆఫీసు అధికారికిని ఫోను చేసి అవమానించెడివి. ఆ అవమానము భరింపలేక ప్రాణములు తీసికొనినవారున్నారు. ఆ వ్యాపారము నడచినది వడ్డీమీద మాత్రమే కాదు, సిగ్గుమీద. ఇంటిలో ఎవరికిని చెప్పలేదను ధైర్యముతోనే వారు బెదిరించెడివారు. ఇల్లాలికి ముందే తెలిసియుండినచో ఆ బెదిరింపులో సగము బలము పోయెడిది. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తరువుల ప్రకారము అప్పులిచ్చు యాప్‌లు ఫోనులోని పేర్ల పట్టికను తాకరాదు. నియమము మంచిదే. కాని దానికన్న గట్టి రక్షణ, అప్పు చేసిన దినముననే ఇంటిలో చెప్పిన ఒక్క మాట.

ఇంకొకటి, ఫోను. రహస్యపు అంకె వేసి తాళము బిగించిన ఫోను నేడు చాల సంసారములలో అనుమానమునకు పుట్టినిల్లు. ఫోను బల్లమీద బోర్లా పెట్టినందుకే కలహము. ఇచ్చట ఇద్దరికిని చెప్పవలసిన మాట కలదు. దాచిపెట్టువారు ఎంత దోషులో, దొంగచాటుగా వెదకువారు కూడ అంతే. వెదకి పట్టుకొనిన నిజము చెప్పగా విన్న నిజమువలె పనిచేయదు. చెప్పగా విన్న నిజము మనుష్యులను కలుపుటకు అవకాశమున్నది. దొంగిలించిన నిజము సాక్ష్యముగా మాత్రమే మిగులును.

ఈ సాక్ష్యముల సంగతియు న్యాయస్థానములకు వచ్చినది. హైదరాబాదు కుటుంబ న్యాయస్థానములో సాగిన ఒక విడాకుల వ్యాజ్యములో, భార్య ఇతరులతో ఫోనులో మాటలాడిన మాటలను ఆమెకు తెలియకుండ ముద్రించి భర్త దాఖలు చేసెను. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము దానిని అంగీకరింపలేదు. భార్యయైనను ఆమె సంభాషణలను చాటుగా ముద్రించుట ఆమె గోప్యతను భంగపరచుటయే యని చెప్పినది. 2008 నాటి న్యాయనివేదికలలో ఆ తీర్పు కలదు. తరువాత 2025 జూలై 14న సర్వోన్నత న్యాయస్థానము వేరొక వ్యాజ్యములో, భార్యాభర్తలు తమలో తాము మాటలాడుకొనిన మాటలను ఒకరు రహస్యముగా ముద్రించినను విడాకుల విచారణలో వానిని సాక్ష్యముగా చూడవచ్చునని తీర్పిచ్చినది. దంపతులు ఒకరిపై ఒకరు నిఘా వేసికొను స్థితికి వచ్చిరన్న, ఆ నిఘా తెగిపోయిన నమ్మకమునకు లక్షణమే గాని కారణము కాదని న్యాయమూర్తుల భావము. మన కిచ్చట గ్రహింపవలసినది న్యాయసూక్ష్మము కాదు. ఫోనులో మాటలు ముద్రించుకొను దశ వచ్చినదనగా, ఆ ఇంటిలో మాట అప్పటికే చచ్చిపోయినదని అర్థము.

ఎల్.బి.నగర్‌లో రంగారెడ్డి జిల్లా న్యాయస్థానముల ప్రాంగణము కలదు. కుటుంబ న్యాయస్థానము అచ్చటనే పనిచేయుచున్నది. దంపతులను వీలైనంతవరకు సమాధానపరుప యత్నింపవలయునని 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల చట్టము న్యాయాధిపతులకు విధించినది. ఉభయులలో ఎవరు కోరినను విచారణ తలుపులు మూసికొని జరుపవలయుననియు అందున్నది. చూడుడు! రెండు గదుల ఇంటిలో దొరకని ఏకాంతము తుదకు న్యాయస్థానములో దొరకుచున్నది. 2020 నవంబరు 4న సర్వోన్నత న్యాయస్థానము, మనోవర్తి కోరిన వ్యాజ్యములలో భార్యాభర్తలిద్దరును తమ ఆదాయము, ఆస్తులు, అప్పులు, నెలసరి ఖర్చులు అన్నియు ప్రమాణపత్రములో వివరముగా వ్రాసి దాఖలు చేయవలయునని దేశమంతటికి వర్తించు నిర్దేశములిచ్చినది. కాపురము చేయుచున్నప్పుడు ఒక్క సాయంకాలము ముచ్చటించుకొనిన సరిపోయెడి విషయములు, విడిపోవునప్పుడు న్యాయవాదికి రుసుము చెల్లించి, సంతకము చేసి, ప్రమాణపూర్వకముగా చెప్పవలసి వచ్చుచున్నవి. ఆ ప్రమాణపత్రములోని గడులను కాపురము మొదలిడిన నెలలోనే తెల్లకాగితముమీద వ్రాసికొని చదువుకొనినచో ఎంత మేలు!

ఈ సందర్భమున ఒక హెచ్చరిక అవసరము. భార్యాభర్తలు అన్నియు చెప్పుకొనవలయునను మాట సమానులకు వర్తించును. కొట్టు చేతికి భయపడి, కష్టార్జితమును లాగికొందురని భయపడి స్త్రీ తన కాగితములను, కొంత సొమ్మును పుట్టింటనో స్నేహితురాలి వద్దనో దాచుకొన్నచో అది దాపరికము కాదు, ఆత్మరక్షణ. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము దేహబాధనే గాక ఆర్థికముగా పీడించుటను కూడ హింసగా పరిగణించుచున్నది. అట్టివారు 181 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడిగిన చాలును. నిజము చెప్పుమని కోరువారు ముందు నిజము చెప్పుటకు భయము లేని ఇంటిని కట్టవలయును.

ఇంకొక దాపరికమున్నది. దానికి దుర్బుద్ధి ఎంతమాత్రమును లేదు. ఇంటి బాధ్యత నాది, ఆమెకెందుకీ గొడవ యని భర్త అన్నియు తానే చూచుకొనును. ఏ బ్యాంకులో ఎంత యున్నది, భీమా పత్రము ఎచ్చట నున్నది, ఎవరికి అప్పిచ్చినది, ఏదియు ఇల్లాలు ఎరుగదు. ఒకనాడు హఠాత్తుగా ఆయన కన్నుమూయును. కరోనా కాలమున 2020, 2021 సంవత్సరములలో ఎన్నో ఇండ్లలో ఇదే జరిగినది. పది సంవత్సరములు ఎవరును ముట్టని డిపాజిట్లు 2014లో ఏర్పడిన నిధికి మారిపోవును. వానిని వారసులు వెదకుకొనుటకై రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అను పోర్టలును ప్రారంభింపవలసి వచ్చినది. 2025 నవంబరు 1వ తేదీనుండి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలుగా వ్రాయించుకొను వీలు కలిగినది. భర్త తన భార్యాబిడ్డల పేర తీసికొనిన జీవితభీమాను అప్పులవారు సాధారణముగా తాకకుండ కాపాడు చట్టము 1874 నుండియే యున్నది. వివాహిత స్త్రీల ఆస్తి చట్టమని దానికి పేరు. భీమా తీసికొనునప్పుడే ఆ చట్టము క్రింద కావలయునని వ్రాయించుకొనవలయును. ఇన్ని ఏర్పాట్లుండియు, ఇల్లాలికి తెలియనిచో ఇవి గోడలోపల పూడ్చిన లంకెబిందెలే. ప్రేమతో దాచినది గూడ తుదకు దారిద్ర్యమునకు దారితీయవచ్చును.

ఇక దాచినదానిని చెప్పుట ఎట్లు? ఈ ప్రశ్నకు మాకు తోచిన నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

మొదటిది, ఇతరులు చెప్పకమునుపే చెప్పవలయును. ఒక్కటే సంగతి భర్త నోట విన్నచో ఒప్పుకోలు అగును, పొరుగింటివారి నోట విన్నచో ద్రోహమగును. రెండవది, చెప్పినప్పుడు మొత్తము చెప్పవలయును. అయిదు లక్షల అప్పును రెండు లక్షలని చెప్పి, మిగిలినది వాయిదాలలో బయటపెట్టువారు ఒక్కసారి పొందవలసిన కోపమును నాలుగుసార్లు పొందుదురు. నాలుగవసారి నిజము చెప్పినను నమ్మువారుండరు. మూడవది, వేళయు చోటును చూచి చెప్పవలయును. అలసి ఇల్లు చేరిన రాత్రి, అత్తమామలు వినుచుండగా, పిల్లవాడు పరీక్షకు చదువుచుండగా చెప్పదగినది కాదు. ఇంటిలో చోటు లేనిచో సరూర్‌నగర్ చెరువు ప్రక్కన నడచుచు చెప్పుకొనవచ్చును. నెలకొకసారి, జీతములు వచ్చిన వారములో, ఇద్దరును కూర్చుండి ఆదాయవ్యయములు చూచుకొను నియమము పెట్టుకొనినచో, చెప్పుటకు ప్రత్యేకమైన ధైర్యము అక్కరలేకయే చెప్పుట అలవాటగును.

నాలుగవది వినువారికి సంబంధించినది. దీనినే మనము ఎక్కువగా మరచిపోవుదుము. చెప్పిన నిజమును తరువాతి ప్రతి పోట్లాటలోను ఆయుధముగా ఎత్తినచో, ఆ ఇంటిలో రెండవ నిజము పుట్టదు. కోపము వచ్చుట సహజము. దుఃఖము వచ్చుట న్యాయము. కావలసినంత వ్యవధి తీసికొనవచ్చును. కాని ఒకసారి కలిసి సాగుదమని నిశ్చయించుకొనిన పిదప ఆ సంగతిని పుట్టింటికిని అత్తింటికిని మోయరాదు. ఇంటిగుట్టు లంకకు చేటు అని పెద్దలు చెప్పినది ఇట్టి సందర్భమునకే. దంపతుల నడుమ దాపరికము లేని ఇంటికే లోకమునుండి గుట్టు కాపాడుకొను బలముండును. మన సాక్ష్య చట్టము కూడ 1872 నుండి, కొన్ని మినహాయింపులతో, భార్యాభర్తలు ఒకరికొకరు నమ్మి చెప్పుకొనిన మాటలను బయటపెట్టుమని నిర్బంధింపరాదని శాసించుచున్నది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త సాక్ష్య చట్టములోను ఆ రక్షణ అట్లే నిలిచియున్నది. చెప్పుకొనిన మాటకు చట్టమే అంత గౌరవమిచ్చినప్పుడు, ఇంటివారము మనమెంత గౌరవమీయవలయును!

వివాహములో వధూవరులు కలిసి ఏడడుగులు నడుతురు. అన్నము కొరకు, బలము కొరకు, సంపద కొరకు, సంతానము కొరకు అని ఒక్కొక్క అడుగునకు ఒక్కొక్క కోరిక చెప్పి, ఏడవ అడుగుతో స్నేహము కోరుదురు. భార్యాభర్తల సంబంధమునకు మన పెద్దలు పెట్టిన తుది పేరు స్నేహమే. స్నేహితుని వద్ద మనము అన్నియు చెప్పవలయునను నియమము లేదు. చెప్పుటకు భయము మాత్రము ఉండదు. ఈ రాత్రి భోజనములైన పిదప రేడియో కట్టివేసి, చాలదినములుగా వాయిదా వేయుచున్న చిన్న సంగతి యొకటి ఉన్నచో దానిని చెప్పి చూడుడు. పెద్దది చెప్పుటకు కావలసిన దారి ఆ చిన్నదానితోనే ఏర్పడును.